సమ్మక్క తవ్విన గుంత

ముత్తయ్యకు సిమెంటంటే చెప్పలేనంత మోజు. బచ్చన్నపేట దగ్గరి ఆ ఊళ్లో వాడ వాడంతా వాకిళ్లకు సిమెంటు చేయించుకుంటుంటే తన వాకిలి ఒక్కటే మట్టితో ఉండిపోయిందని అతనికి లోపల ఒకటే కుములుడు. బతికున్నన్నాళ్లూ భార్య సమ్మక్క అడ్డుపడింది. "వాన నీళ్లు యాడికి పోవాలె? నీ నెత్తి మీదికెల్లి పోవాల్నా?" అని ఒక్క మాటతో అతని నోరు మూయించేది.

మాటలతో ఆగే మనిషి కాదు సమ్మక్క. వాకిలి పల్లంలో, గేటు పక్కన, ఇంకుడు గుంత తనే తవ్వింది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద ఇటుక ముక్కలు, ఆపైన ఇసుక. అంచున అరటి పిలకలు నాటింది. పెంట కుప్ప చుట్టూ మట్టి కట్ట పోసి, వానకు ఆ నీళ్లు రోడ్డు పక్క మురుగు కాలువలో, అదే మోరీలో, పడకుండా చూసేది. పత్తికి పురుగుల మందు కొట్టే పంపునైతే గేటు లోపలికే రానిచ్చేది కాదు. చేనులోనే కడిగి, ఆ కడుగు నీళ్లు మళ్లీ పత్తి సాళ్లకే కొట్టి రావాలి. ముత్తయ్య ఎప్పుడైనా బద్ధకిస్తే, "మనింటి నీళ్లు మోరీల వడ్డయంటే రేగుల కుంటల కలిసినట్టే" అని వెనక్కి పంపేది.

రేగుల కుంట మీద ఆమెకు అంత ప్రేమ ఎందుకంటే, పెళ్లయిన కొత్తలో ఆ కుంటలోనే, ఒడ్డున బల్లలా పరుచుకున్న బల్లబండ పక్కన, బాప్తిస్మం తీసుకుంది. పేరు మారుద్దామా అని అప్పటి పాస్టరు అడిగితే, "పిలిస్తే పలికేది గీ పేరుకే అయ్యగారూ" అని నీళ్లలోంచి సమ్మక్కగానే లేచి వచ్చింది. కూతురు సౌందర్యకు చిన్నప్పుడు అన్నం ముద్దలతో పాటు ఆ కథ కూడా తినిపించింది.

రెండేళ్ల కింద కామెర్లు ముదిరి సమ్మక్క పోయింది. దవాఖానలో మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసిన సౌందర్య, తల్లిని సమాధి చేసి వచ్చాక మళ్లీ చర్చి గడప తొక్కలేదు. జనగామలో మందుల షాపులో పనికి చేరి, అక్కడే గది తీసుకుంది. ఇంటికి ఎప్పుడైనా వచ్చినా తల్లి మంచం వైపు చూడకుండా రెండు ముద్దలు తిని బస్సెక్కేది. ముత్తయ్యకు భార్య పోయిన బాధ ఒక ఎత్తు, బిడ్డ కూడా దక్కకుండా పోతుందేమోనన్న భయం ఒక ఎత్తు.

అలాంటి పిల్ల ఈ వానాకాలంలో తనంతట తానే పాస్టరు జోసెఫ్‌కు ఫోన్ చేసింది. "బాప్తిస్మం తీసుకుంటనన్నా. గని చర్చి తొట్టిల వద్దు. మా అమ్మ మునిగిన కాడనే మునుగుత." ఆ మాట విన్న రోజు ముత్తయ్య చేను గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సెప్టెంబరు చివరి ఆదివారం ఖాయం చేశారు.

ఇక మనవాడికి ఆనందం తలకెక్కింది. చుట్టాలొస్తారు, టెంటు వేయాలి, భోజనాలు పెట్టాలి. ముసలివాళ్లు బురదలో జారిపడితే? గుంతలో ఎవరి కాలైనా పడితే? అలా ఆలోచించి ఆలోచించి, సరిగ్గా చేయకూడని పనే చేశాడు. మేస్త్రీని పిలిచి, గుంత నిండా రాళ్లూ చెత్తా పోయించి, అరటి చెట్లు పీకించి, ఇంటి గోడ నుంచి గేటు దాకా వాకిలంతా సిమెంటు చేయించాడు. చుక్క నీరు నిలవకుండా రోడ్డు వైపు వాలు కూడా పెట్టించాడు. సమ్మక్క చూస్తే మురిసిపోయేదని అనుకున్నాడు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మనిషిని తెలుసుకున్నది ఇంతేనా!

శనివారం పొద్దున చేనులో మందు కలిపి పంపు భుజానికెత్తుకున్నాడో లేదో మబ్బు కమ్మింది. వాన ముందు కొడితే మందు దండగ. నిండు పంపును అలాగే ఇంటికి తెచ్చాడు. తెల్లారితే మంది వస్తారు, ఇంట్లో మందు వాసన ఉంటే బాగుండదు. మళ్లీ చేనుకు పోదామంటే మోకాలు మొరాయించింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని పంపును వాకిట్లోనే కుమ్మరించి, పైపు పెట్టి, కొత్త సిమెంటు నిగనిగలాడేదాకా చీపురుతో తోశాడు. తెల్లటి నీళ్లు రోడ్డు పక్క మోరీలోకి జారిపోయాయి.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన సౌందర్య గేటు దగ్గరే ఆగిపోయింది.

"అమ్మ గుంత ఏది బాపు?"

"మూయించిన బిడ్డ. రేపు మంది వస్తరని..."

"గీ వాసనేంది?"

"పంపు కడిగిన. జరసేపైతే పోతదిలే."

ఆమె గేటు తోసింది. లోపలికి పోయి సంచి దించి, తల్లి పోయాక మొదటిసారి, తల్లి మంచం మీద కూర్చుంది. అది చూసి ముత్తయ్యకు కడుపు నిండింది. కాసేపటికి వాన అందుకుంది. కొత్త వాకిలి మీద ఒక్క చుక్క నిలవలేదు. ఊళ్లోని వాకిళ్లన్నింటి నీళ్లు, పెంట కుప్పల ఊట, ట్రాక్టర్ల నూనె, సబ్బు నురగ, వాటితో పాటు ముత్తయ్య పంపులోని మందు, మోరీ పట్టుకుని కుంటకు పరుగు తీశాయి.

ఆదివారం పొద్దున తెల్లచీరలో సౌందర్య ముందు నడుస్తుంటే ముత్తయ్యకు అచ్చం సమ్మక్కే నడుస్తున్నట్టు అనిపించింది. వెనక చుట్టాలు పాట పాడుతూ వస్తున్నారు. బల్లబండ కనపడేసరికి ముందున్నవాళ్ల పాట ఆగింది, తర్వాత వెనకవాళ్లది కూడా ఆగింది.

మోరీ కుంటలో కలిసేది ఆ బండ పక్కనే. అక్కడ నీళ్ల మీద వేలెడేసి చేపపిల్లలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆ వానాకాలమే పెంచడానికి కుంటలో వదిలిన పిల్లలు. కుంటలో చేపలు పట్టుకుని బతికే సుక్కి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి వాటిని కొంగులోకి ఏరుతోంది. "ఏ పాపపోని ఇంటి నీళ్లో గివి! వాని చేతులు పడిపోను!" అని ఏడుస్తూ తిడుతోంది.

జోసెఫ్ వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని, వాసన తగిలి వెంటనే వదిలేశాడు. సౌందర్యకు వంగే పని కూడా లేకపోయింది. నిన్న గేటు దగ్గర వచ్చిన వాసనే అది. తండ్రి వైపు తిరిగి చూసింది. ఎవరింటి నీళ్లైనా కావచ్చు కదా, ఊరంతా సిమెంటే కదా అని ముత్తయ్య తనకు తాను చెప్పుకోబోయాడు గానీ, ఆ చూపు ముందు అది అతకలేదు. తల దించుకున్నాడు.

"దేవుడు మనసు చూస్తడమ్మా, నీళ్లు గాదు. చర్చిల తొట్టి ఉన్నది, పోదామా?" అన్నాడు జోసెఫ్ మెల్లగా.

సౌందర్య తేలుతున్న చేపపిల్లల వైపు చూసింది. "వద్దన్నా. మా అమ్మ మునిగిన నీళ్లల్ల మునుగుదామని వచ్చిన. గా నీళ్లు లేవు."

తడవని తెల్లచీరతోనే ఇంటికొచ్చి, దాన్ని మడతపెట్టి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకే జనగామ వెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు "పోయొస్త బాపు" అని కూడా అనలేదు.

చుట్టాలు మొహమాటానికి తలా ఒక ముద్ద తిని లేచారు. టెంటు కింద ఒక్కడే మిగిలిన ముత్తయ్య గడ్డపార అందుకున్నాడు. పెచ్చులు పెచ్చులుగా సిమెంటు లేపి, మేస్త్రీ పోసిన చెత్తంతా ఎత్తిపోస్తే చివరికి ఇసుక తగిలింది. దాని కింద సమ్మక్క పేర్చిన ఇటుక ముక్కలు, ఆమె చేయి పెట్టినచోటే ఉన్నాయి. గుంత అంచున కూలబడి, "నీ బిడ్డను నేనే దూరం చేసుకున్ననే సమ్మక్కా" అని గొంతెత్తి ఏడ్చాడు.

పొద్దుగూకకముందే సుక్కి ఇంటికి పోయి, "గా మందు నాదే చెల్లె" అన్నాడు. తిడుతుందనుకున్నాడు, మీద పడి కొడుతుందనుకున్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "సమ్మక్క ఉంటే నిన్ను గా పంపుతోని గేటు దాటనిచ్చేదా అన్నా?" అని తలుపేసుకుంది. రెండు తిట్లు తిట్టి ఉంటేనే నయమనిపించింది ముత్తయ్యకు.

ఇప్పుడతను పంపును చేనులోనే కడుగుతున్నాడు. మోకాలు ఎంత నొచ్చినా కడుగు నీళ్లు సాళ్లకే కొట్టి వస్తున్నాడు. గేటుకు అడ్డంగా మట్టి కట్ట పోశాడు, అరటి పిలకలు మళ్లీ నాటాడు. ఒక వాన పడి గుంతలో నీళ్లన్నీ ఇంకిపోయాక జనగామకు ఫోన్ చేశాడు.

"అమ్మ గుంత మళ్ల తీసిన బిడ్డ. మనింటి నీళ్లు ఇగ మోరీలకు పోతలేవు."

షాపులో ఎవరో జ్వరం మాత్రలు అడుగుతున్న మాట వినపడింది.

"బండ కాడ చేపలు తిరుగుతున్నయా బాపు?"

తిరుగుతున్నయంటే వచ్చేస్తుందేమో. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"లేవు బిడ్డ."

"తిరిగిననాడు చెప్పు, వస్త" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్పటి నుంచి ముత్తయ్య రోజూ పొద్దున్నే పోయి బల్లబండ మీద కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాడు. అతని పక్క నుంచే ఊరందరి వాకిళ్ల నీళ్లు, నురగతో సహా, మోరీలోంచి కుంటలోకి పోతూనే ఉన్నాయి.