సూదవ్వ

మంచు ప్యాకులు నాలుగూ డబ్బా నాలుగు గోడలకు ఆనించి, మధ్యలో టీకా సీసాలు సర్ది, రాధాకుమారి నీలం డబ్బా మూత బిగించింది. బుధవారం, టీకాల రోజు. బాన్సువాడ చుట్టుపక్కల తండాల్లో ఇరవై రెండేళ్లుగా ఆమె బుధవారాలన్నీ ఇలాగే మొదలయ్యాయి. నర్సు ఉద్యోగం మాత్రం ఇంకా కాంట్రాక్టుదే. పర్మనెంట్ చేస్తామని మాటిచ్చిన అధికారులు హాయిగా రిటైరై పింఛన్లు తీసుకుంటున్నారు.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా ఉంటుంది. డబ్బా పట్టీ బరువుకు ఎడమ భుజం వేలెడు కిందికి దిగింది. ఉతికి ఉతికి పలచబడిన తెల్లచీర, దాని కొంగున ఎన్నటికీ పోని మందు వాసన. రాధక్క చెయ్యి అల్కగుంటది, సూది వేసినట్టే తెల్వదని తల్లులంతా అంటారు. ఆ సంగతి పిల్లల్ని అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆటో దిగి తండాలో అడుగుపెట్టేసరికి వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు తలోదిక్కూ పరుగెత్తారు. గుమ్మంలో కూర్చుని మనవడికి అన్నం పెడుతున్న మోతీబాయి వేలెత్తి రాధాకుమారిని చూపించింది.

"తింటవా, తినవా? అగో, సూదవ్వ వచ్చింది. పిల్వాల్నా?"

మూడేళ్లవాడు ముద్ద గబుక్కున మింగాడు.

"నా పేరు చెప్పి మంచిగనే తినిపిస్తున్నవ్ మోతీబాయి," అంది రాధాకుమారి నవ్వుతూ.

నవ్వింది గానీ ఒళ్లు మండింది. ఇన్ని ఇళ్లలో పిల్లలు ఆమె పేరు వింటూ అన్నం తిన్నారు. ఆమె చేతి ముద్ద మాత్రం ఒక్క పిల్లా తినలేదు.

అంగన్‌వాడీ అరుగు మీద ఎనిమిది మంది పసివాళ్లకు టీకాలు వేసింది. ఎడమచేత్తో తొడ పట్టుకోవడం, కుడిచేత్తో సూది దించడం, తీశాక దూది పెట్టి బొటనవేలితో నొక్కడం. నొక్కుతూ అదే మాట. "అయిపాయె బిడ్డా, అయిపాయె." సూది సర్కారుది, ఈ మాట ఒక్కటే తన సొంతమని ఆమె అనుకునేది.

ఈ రోజు ఆమె చూపు మాటిమాటికీ గడియారం మీదికే పోయింది. కూతురు సుచరిత, అల్లుడు నగేశ్ పిల్లతో పుణె వెళ్లిపోతున్నారు. అల్లుడికి అక్కడ ఉద్యోగం. వెళ్లేముందు ఒక పూట ఆమె దగ్గర ఉండి, ఐదింటి బస్సుకు నిజామాబాద్ వెళ్లి రైలెక్కుతారు. మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. మనవరాలు మహేశ్వరికి రెండో ఏడు నిండవస్తోంది. ఇంతవరకూ అమ్మమ్మ ఒడిలో ఏడవకుండా కూర్చున్నది లేదు.

తప్పు రాధాకుమారిదే. కూతుర్ని కాన్పుకు తెచ్చుకుందామంటే సెలవు దొరకలేదు. బోధన్‌లో అత్తగారే పురుడు పోసింది. ఆ బాధ తీర్చుకుందామని, టీకాలైనా నా చేత్తోనే వేస్తానని పంతం పట్టింది. నెలన్నరకు, రెండున్నరకు, మూడున్నరకు, తొమ్మిదో నెలకు, పదహారో నెలకు సుచరిత పిల్లను బోధన్ నుంచి ఎత్తుకొచ్చింది. ఐదుసార్లు అమ్మమ్మను చూసింది, ఐదుసార్లూ సూది తిన్నది.

బి.ఎడ్. చదివిన సుచరిత మొన్న ఫోన్‌లో చెప్పింది. "మాకు క్లాసుల చెప్పిండ్రమ్మా. కుక్కకు తిండి పెట్టే ముంగట రోజూ గంట కొట్టిండ్రట. కొన్ని దినాలకు తిండి లేకున్నా గంట ఇంటేనే దాని నోట్ల నీళ్లూరినయట. మహి గూడ గంతే. నిన్ను చూస్తే సూది యాదికొస్తది."

"అంటే నేను గంటనా?"

"నువ్వు గాదు. తెల్లచీర, డబ్బా, గా మందు వాసన. నీ మీద ఉన్నది ఏదో ఒకటి."

ఏదో ఒకటి అయితే తీసేయొచ్చు కదా అనుకుంది రాధాకుమారి. రెండు రోజులుగా ఆమెకు అదే ధ్యాస. నిన్న బజారులో నడిస్తే కూసే ఎర్ర చెప్పుల జత కొన్నది. సూదికి తెల్లచీర అంటుకున్నట్టు, ఈ కూతకు తను అంటుకోకపోతుందా అని ఆశ.

మూడింటికల్లా డబ్బా దవాఖానలో అప్పగించి, కిరాయి ఇంటికి చేరింది. అల్లుడూ కూతురూ లోపల ఉన్నారు. దొడ్డిదారిన వెళ్లి రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేసింది. భర్త లింగం బతికి ఉన్నప్పుడు కొన్న ఆకుపచ్చ చీర కట్టింది. జడలో మల్లెలు పెట్టుకుంది. అద్దంలో మనిషి ఆమెకే కొత్తగా కనిపించింది.

తల్లి కొంగు చాటునుంచి పిల్ల చూసింది. ఏడవలేదు. రాధాకుమారి దగ్గరికి పోకుండా చెప్పులు నేలమీద పెట్టి వెనక్కి జరిగింది. సుచరిత వాటిని పిల్లకు తొడిగింది. ఒక అడుగు వేసిందో లేదో చెప్పు కూసింది. పిల్ల ఆగి కిందికి చూసి, ఇంకో అడుగు వేసి కిలకిలా నవ్వింది. గదంతా తిరిగింది. చివరికి కూసుకుంటూ కూసుకుంటూ వచ్చి, అమ్మమ్మ చాచిన చేతుల్లో పడి, ఒడిలో కూర్చుంది.

పిల్ల ఇంత బరువుంటుందని రాధాకుమారికి తెలియదు. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఎడమచెయ్యి తనంతట తనే వెళ్లి పిల్ల తొడ పట్టుకుంది. బొటనవేలు మెల్లగా నొక్కింది.

"అయిపాయె బిడ్డా," అంది నోరు. "అయిపాయె."

పిల్ల బిగుసుకుపోయింది. ఒక్క క్షణం అమ్మమ్మ ముఖంలోకి చూసింది. ఆపైన కేక పెట్టి, ఊపిరి తిరగనంతగా ఏడుస్తూ, కాళ్లతో తన్ని తల్లి మీదికి దూకింది. చెప్పొకటి ఊడి గడప దగ్గర పడింది.

"గా మాట ఎందుకన్నవ్ అమ్మా?" అంది సుచరిత.

"ఒళ్లె పిల్ల కూసుంటే నా నోటికి ఇంకో మాట రాదు బిడ్డా."

నగేశ్ సంచులు అందుకున్నాడు. "యాళ్లయితుంది అత్తమ్మా. పోయొస్తం."

ఆటో మలుపు తిరిగేదాకా పిల్ల ఏడుపు వినిపించింది. బస్టాండు దాకా వెళ్దామనుకున్న రాధాకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. తను వెళ్తే పిల్ల అంతసేపూ ఏడుస్తుంది.

వంగి, పిల్ల కాలినుంచి ఊడిన చెప్పు తీసింది. అలవాటుగా బొటనవేలితో నొక్కింది. నోరు తెరుచుకోబోతే కొంగు అడ్డం పెట్టుకుంది. చెప్పును గడప మీద పెట్టి లోపలికి వెళ్లింది. నొక్కుకుపోయిన ఆ చిన్న ఎర్ర చెప్పులోకి గాలి మళ్లీ మెల్లగా నిండుతూ, ఒకసారి సన్నగా కూసింది.