అవసరపు కెనడియన్లు

ఆ మాట పుట్టింది ఒట్టావాలో ఎవడో నాయకుడి నోట్లో. మా మాంట్రియల్ వీధిలో దానికి పురుడు పోసి ఉయ్యాల ఊపింది మాత్రం మందుల షాపు నఖ్లే. రెండువేల ఆరు జూలైలో లెబనాన్ మీద బాంబులు పడుతుంటే, ఓడలు పంపి మావాళ్ళను తెమ్మని మేమంతా మొత్తుకుంటున్నాం. ఈ మహానుభావుడు రేడియోకి ఫోన్ చేసి, "పాస్‌పోర్టు పుచ్చుకుని అక్కడికే పోయి కాపురం పెట్టినవాళ్ళు అవసరపు కెనడియన్లండీ. పన్ను కట్టేది మనం, ఓడెక్కేది వాళ్ళు" అన్నాడు. తనూ లెబనాన్ వాడేనన్న సంగతి గుర్తున్నట్టు లేదు. సిగ్గులేని జన్మ.

నా చెల్లెలు హింద్ అప్పుడు అక్కడ సూర్ ఊళ్ళో ఉంది. ఇల్లు కూలి పాస్‌పోర్టు మట్టిలో కలిసింది. కొత్తది ఇవ్వాలంటే, ఈమె నాకు రెండేళ్ళుగా తెలుసునని ఇక్కడి డాక్టరో, లాయరో, ఫార్మసిస్టో ఫొటో వెనక సంతకం పెట్టాలి. మా వీధిలో సగంమంది ఫొటోల వెనక ఉన్నది నఖ్లే సంతకమే. ఓడ గురువారం. మంగళవారం మా బేకరీ పిండి చేతులతోనే ఫొటో పట్టుకుని వెళ్ళాను.

"కుదరదు వదాద్ అక్కా," అన్నాడు సీసాలు సర్దుతూ. "ఆవిడ వెళ్ళి ఆరేళ్ళయింది. రేడియోలో అంత మాటన్నాక నేనే సంతకం పెడితే నా పరువేం కాను?"

"నీ పరువు సంగతి తర్వాత చూద్దాం. నీ మొదటి పాస్‌పోర్టు ఫొటో వెనక సంతకం ఎవరిదిరా?"

నఖ్లే చెయ్యి ఆగింది.

"హింద్ మొగుడిది. పాపం, పోయిన మా డాక్టర్ అదీబ్‌ది. నువ్వు మా వీధికొచ్చి మూడు నెలలు. జాలిపడి రెండేళ్ళని రాశాడు. అది చేతికొచ్చిన వారానికే బీరూట్ చెక్కేశావు. తొంభై ఆరులో బాంబులు పడితే గానీ కెనడా గుర్తురాలేదు నీకు. రేడియో నంబరు నాకూ తెలుసు."

సీసా పక్కన పెట్టి సంతకం పెట్టాడు. థాంక్స్ కూడా చెప్పకుండా ఫొటో లాక్కుని వచ్చి, ఆ రోజే బీరూట్‌లోని కెనడా ఎంబసీకి ఫ్యాక్స్ చేశాను.

పది రోజులకు హింద్ ఓడ దిగి, విమానమెక్కి మాంట్రియల్‌లో దిగింది, చేతిసంచీ అయినా లేకుండా. వాటేసుకుని ఏడ్చాను. నఖ్లే అప్పటికే టీవీవాళ్ళ ముందు జెండా పట్టుకుని నిలబడ్డాడు. "సంతకం నాదేనండీ. మనవాళ్ళను మనం కాకపోతే ఎవరు చూస్తారు?" అంటున్నాడు.

హింద్‌కి ఏమీ తెలియదు. నేనింకా చెప్పలేదు.

"ఓడలో అందరి నోటా ఒకటే మాట, అన్నా. ఎవరో అవసరపు కెనడియన్లట. ఎవరు వాళ్ళు?" అని అతన్నే అడిగింది.

నఖ్లే జెండాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరో వేరేవాళ్ళులే చెల్లెమ్మా," అన్నాడు.