అరవై శాతం దగ్గర

ఫిన్లాండ్‌లోని కువోపియో ఊరి గ్రంథాలయంలో ప్రతి గురువారం పాత కంప్యూటర్లను బాగుచేసి పెట్టేవాడు రైమో. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. అతని చేతిలో పడితే ఏదీ పాడవదని పేరు. ఆ పేరంటే అతనికి కాస్త ఎక్కువే ఇష్టం.

అతను ఉండే భవనంలోనే పై అంతస్తులో ఉండే ఐలా ఒకరోజు తన ల్యాప్‌టాప్ గ్రంథాలయానికి తెచ్చింది. విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టమంది. పోయిన ఆమె భర్త ఎయినో సరస్సు మీద పక్షుల కూతలు రికార్డు చేసేవాడు. ప్రతిదాని మొదట్లో తేదీ, చోటు తన గొంతుతో చెప్పేవాడు. అవన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాటరీ పోయిందనీ, వైరు తీస్తే ఆరిపోతుందనీ కూడా చెప్పింది.

"ముందు ఇంకోచోట కాపీ పెట్టుకోవద్దూ?" అని అడిగింది.

"ఇలాంటివి వంద చేశాను ఐలా. విండోస్ ఉన్న భాగాన్ని కాస్త కుదిస్తాం, మిగిలిన చోట లినక్స్ పెడతాం. అంతే."

కుదింపు అరవై శాతం దాకా వచ్చింది. ఐలా పుస్తకాల వైపు వెళ్లింది. రైమో గోడకున్న ప్లగ్గు ఒకటి లాగి కాఫీ మిషను తగిలించాడు. తెర నల్లబడ్డాక గానీ తాను లాగిందేమిటో తెలియలేదు. మళ్లీ వెలిగిస్తే డిస్కులో విండోస్, రికార్డింగులు ఉన్న భాగమే కనబడలేదు.

ఐలా తిరిగొచ్చేసరికి ప్లగ్గు దాని చోట్లోనే ఉంది. డిస్కు పాతదనీ, మధ్యలో పోయిందనీ అన్నాడు రైమో. పాలిపోయిన అతని మొహం చూసి ఆమే ఓదార్చింది. రెండు రోజులాగి యాలకుల బన్నులు చేసి తెచ్చింది కూడా. అతను పుచ్చుకున్నాడు గానీ ఒక్కటీ తినలేదు.

డిస్కు తన దగ్గరే పెట్టుకున్నాడు. మూడు వారాలు రోజూ దాని ముందు కూర్చుని, చెదిరిన ఫైళ్లను ఒక్కొక్కటిగా ఏరాడు. ఎయినో రికార్డింగులు రెండువందల పన్నెండింటిలో నూట ముప్ఫై ఒకటి దొరికాయి.

ఆ రోజుల్లోనే కింద బట్టలుతికే గదిలో ఐలా ఎవరితోనో అంటుంటే విన్నాడు. గ్రంథాలయానికి తెస్తుంటే బస్సులో ల్యాప్‌టాప్ సంచీ సీటుకు కొట్టుకుందనీ, తన అజాగ్రత్త వల్లే ఎయినో గొంతు పోయిందనీ. తడి బట్టలు అక్కడే వదిలి పైకెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దొరికిన రికార్డింగులున్న పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమె తలుపు తట్టాడు. గడపలో నిలబడే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ప్లగ్గు పొరపాటున లాగావు, సరే," అంది ఐలా. "మూడు వారాలుగా నాకు నిద్ర లేదు రైమో. నేనే పోగొట్టానని ఏడుస్తూ కూర్చున్నాను. మెట్ల మీద రోజూ కనబడ్డావే, ఒక్కసారైనా నోరు రాలేదా?"

రాలేదన్నాడు. ఎందుకో చెప్పబోయాడు గానీ, పేరు పోతుందని భయపడ్డానని ఆమె ముందు అనలేకపోయాడు. ఆమె పెన్‌డ్రైవ్ తీసుకుని మెల్లగా తలుపు వేసుకుంది. లోపలికి రమ్మనలేదు.

తర్వాతి గురువారం గ్రంథాలయంలో పని మొదలుపెట్టకముందే, జరిగింది వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఇద్దరు తమ కంప్యూటర్లు సర్దుకుని వెళ్లిపోయారు. రైమో వాళ్లకు తలుపు తెరిచి పట్టుకున్నాడు.