పోపు గారి యాత్ర, రెండో భాగం

బలిపీఠం గుడ్డ మీద పడ్డ మైనాన్ని గోటితో గీకకూడదు. గీకితే నార లేచిపోతుంది. మైనం మీద గోధుమరంగు కాగితం పరిచి, ఇస్త్రీపెట్టెను ఆనించీ ఆనించనట్టు నడిపించాలి. మైనం కరిగి కాగితంలోకి ఎక్కుతుంది. ఈ సంగతి వితోల్డ్‌కి ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో నారమిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఆరేళ్ళుగా చర్చిలో ఉన్నాడు. గంట కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం, మెట్ల మీద మంచు తోయడం, గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం అతని పని. యాభై మూడేళ్ళ పొడుగాటి మనిషి. నడుస్తుంటే ముందు మెడ వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. చొక్కా పైబొత్తం వేసవిలో కూడా విప్పడు. చప్పుడు కాకూడదని బూట్లకి రబ్బరు అడుగులు వేయించుకున్నాడు.

ఆ గురువారం పొద్దున అతను గుడ్డ అంచు దగ్గర ఉండగా ఫాదర్ ఎమిల్ వెనక గదిలోకి వచ్చాడు. కొత్త ఫాదర్. సెప్టెంబరులో వచ్చాడు. మగవాళ్ళని పాన్ అనీ ఆడవాళ్ళని పాని అనీ, గారు చేర్చినట్టు, మర్యాదగా పిలిచేవాడు. కుర్రతనం ఇంకా పోలేదు గాని చేతిలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో రాసినదేదైనా ఊళ్ళో జరిగి తీరేది. క్రిస్మస్ వెళ్ళాక ఇంటింటికీ తిరిగి దీవించే రోజులవి. ఆ సాయంత్రం మిల్లు క్వార్టర్ల నాలుగో బ్లాకు వంతు. వితోల్డ్ ఉండేది అందులోనే.

"పాన్ వితోల్డ్, మీరూ పాని లియొకాడియా ప్రతి గురువారం మధ్యాహ్నం తెరలు దించుకుని పోపు గారి యాత్ర చూస్తారటగా," అన్నాడు ఫాదర్. "మీ బ్లాకు మెట్లు తుడిచే పాని జెనోవెఫా చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది."

వితోల్డ్ ఏదో అన్నాడు. తనకే వినపడలేదు.

సాయంత్రం లియొకాడియా ఇంటికి వెళ్ళినప్పుడు ఆ వీడియో క్యాసెట్ అడిగి తీసుకుంటాననీ, ఆదివారం పూజ అయ్యాక హాల్లో ముసలివాళ్ళకి వేద్దామనీ చెప్పి, ఫాదర్ పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఉండిపోయింది. ఎత్తి చూస్తే గుడ్డ మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఆరేళ్ళలో ఒక్క గుడ్డ కాల్చలేదు వితోల్డ్. మచ్చ లోపలికి పోయేలా నాలుగు మడతలు వేశాడు.

ఆ క్యాసెట్‌లో ఉన్నది పోపు గారు కాదు. చచ్చిపోయిన దర్జీ.

అదొక దెయ్యం సినిమా. ఎవరో ఒక దర్జీని ఊరంతా కలిసి బావిలో తోసేస్తారు. ఇది ఆ దర్జీ సినిమాల్లో మూడోది, ఇందులో కూడా వాడు లేచి వస్తాడు. జానెడు సూదితో ఆడపిల్లల నోళ్ళు కుడుతూ తిరుగుతాడు. రక్తం కోరిందపండ్ల పాకంలా గులాబీరంగులో ఉంటుంది. శవం వెనక్కి తిరిగితే మెడ దగ్గర జిప్పు కనపడుతుంది. ఇలాంటివి వితోల్డ్ దగ్గర ఆరు ఉన్నాయి. సంతలో గొడుగు కింద క్యాసెట్లు అమ్మేవాడు కాపీ చేసి ఇచ్చేవాడు. ఖాళీ క్యాసెట్ కొనాలంటే జీతం మనిషికి ప్రాణం మీదికి వచ్చేది. పోపు గారు మన దేశమంతా తిరిగిన యాత్ర క్యాసెట్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండేవి. వితోల్డ్ దగ్గరా ఆరు భాగాలూ ఉండేవి. వెనక పక్క విరగ్గొట్టిన చిన్న కన్నానికి అంటుకాగితం వేస్తే వాటి మీద మళ్ళీ రికార్డు చేయొచ్చు. ఒకటొకటిగా ఆరింటికీ వేశాడు. మొదటిది వేసిన రోజు అన్నం తినలేదు.

సినిమా గంటన్నర, క్యాసెట్ రెండు గంటలు. అందుకని ప్రతి సినిమా చివరా, దెయ్యం చచ్చి పేర్లు పడ్డాక, తెర ఒక్కసారి ఎగిరిపడి లక్షమంది జనం పాడుతూ కనపడేవారు. పోపు గారు చెయ్యెత్తి దీవించేవారు. అప్పుడు లియొకాడియా కుర్చీలోంచి లేచి నిలబడి గుండెల మీద సిలువ గుర్తు వేసుకునేది. వితోల్డ్ కూడా లేచేవాడు. "చూశావా వితెక్," అనేది ఆమె. "వెంటనే కడిగేశారు. ఎక్కడి లెక్క అక్కడే సరి."

ఆమెకి డెబ్బై నాలుగు. మిల్లులో కుట్టుపని శాఖకి పెద్దగా ఉండి దిగింది. అదే నాలుగో బ్లాకులో, మూడో అంతస్తులో ఉండేది. వీడియో ఉన్నది ఆమె ఇంట్లోనే. మనిషి పిడికెడు. మాట మాత్రం బస్తాడు. ఆ సినిమాలు ఏ దేశానివో, ఏ భాషవో. పైన మాత్రం ఒకే ఒక మగగొంతు అందరి మాటలూ మన భాషలో చదివేది. ప్రేమించే పిల్లవీ, చంపే శవానివీ, కుక్కని పిలిచే ముసలిదానివీ అన్నీ ఆ గొంతే. కరెంటాఫీసులో మీటరు లెక్క చదివినట్టు చదివేది. లియొకాడియాకి దాని మీద ధ్యాస లేదు. ఆమె చూసేది కుట్లు. "వీడు దర్జీనా? చేత్తో కాజా కుట్టడం రాని వెధవ నోరు కుడతాడట," అని విరగబడి నవ్వేది.

వితోల్డ్ నవ్వేవాడు కాదు. నిజంగానే భయపడేవాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. అతనికి భయం కొత్తేమీ కాదు. ఆఫీసు కవరు వస్తే భయం, ఫోను మోగితే భయం, పేరుపెట్టి పిలిస్తే భయం. మిల్లులో గేటు దగ్గర జాబితా అంటించిన రోజు తన పేరు వెతుక్కుంటూ ఒంటేలు పోసుకున్న మనిషి. ఆ భయాలకి మొదలూ తుదా ఉండేవి కావు. ఈ దర్జీకి గంటన్నర మాత్రమే ఆయుష్షు. పైగా జిప్పు కనపడేది.

అలాగని తప్పు తప్పు కాకపోదు కదా. నెలకొకసారి బస్సెక్కి పక్క ఊరి చర్చికి వెళ్ళి, సగం చెవుడున్న ముసలి ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకుని వచ్చేవాడు. ఆయన ప్రతిసారీ అదేదో ఆడవాళ్ళ వ్యవహారమనుకుని, పెళ్ళి చేసుకో నాయనా అని చెప్పి పంపేవాడు.

పోయిన గురువారం సినిమా సగంలోనే ఆగింది. దర్జీ పిల్లని కొట్టుగదిలోకి ఈడ్చుకెళ్ళాడు, సరిగ్గా అప్పుడే చర్చిలో సాయంత్రం జపం గంట కొట్టే వేళయింది. వితోల్డ్ కోటు తొడుక్కుంటూ, నేను లేకుండా చూడకండి అన్నాడు. చూడనని ఆమె సిలువ మీద ఒట్టు వేసింది. క్యాసెట్ ఎక్కడైనా దాచమంటే మాత్రం వినలేదు. "దాస్తే వెతుకుతారు. పోపు గారి పేరు పైకి పెట్టి బల్ల మీద పడేస్తే ఎవడు ముట్టుకుంటాడు?" అంది.

ఇప్పుడు ముట్టుకునేవాడు బయల్దేరాడు. ఎలాగైనా సాయంత్రం లోపల ఆమెని కలవాలి. ఆమె ఇంట్లో ఫోను లేదు. పన్నెండేళ్ళుగా దరఖాస్తు నడుస్తూనే ఉంది. వితోల్డ్ మెట్ల మీద బూడిద చల్లాడు. పదకొండింటికి ఒక సమాధి కార్యక్రమం వచ్చింది. గంట తాడు లాగుతూ లెక్క తప్పి ఒక దెబ్బ ఎక్కువ కొట్టాడు. ఒంటిగంటకి బయటపడబోతే, తలుపుల మీద గుర్తు వేసే సుద్దముక్కలు తక్కువయ్యాయని ఫాదర్ బడికి పంపాడు. రెండు దాటాక, నాలుగో బ్లాకు మెట్లు రెండేసి ఎక్కుతూ మూడో అంతస్తు చేరాడు.

వాళ్ళిద్దరికీ ఒక గుర్తు ఉంది. మూడు సార్లు తట్టి, ఆగి, ఇంకొకసారి తట్టాలి. తట్టాడు. పలుకు లేదు. మళ్ళీ తట్టాడు.

కింది మలుపులో జెనోవెఫా తడిగుడ్డతో మెట్లు తుడుస్తోంది. బ్లాకులో ముసలివాళ్ళందరి తాళంచెవులూ ఆమె నడుముకే ఉంటాయి, అందరి గుట్టులూ నాలిక మీదే ఉంటాయి.

"ఏం పాన్ వితోల్డ్, ఇవాళ ఫాదర్ వస్తున్నా ఆగలేకపోయావా యాత్రకి?" అంది తలెత్తకుండా. "పొద్దున్నే గుడ్డకి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది, వాసనొచ్చింది. ఇప్పుడు కునుకు తీస్తుంటుంది. నిద్ర చెడగొట్టకు."

తాళం తీయమని అడుగుదామనుకున్నాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? జెనోవెఫాకి ఒక మాట చెబితే ఊరికి చెప్పినట్టే. నాలుగో అంతస్తులో తన గదికి వెళ్ళి, మిగతా అయిదు క్యాసెట్లూ బంగాళదుంపల సంచి అడుగున తోసి, దిగేటప్పుడు ఇంకొకసారి తట్టాడు. తలుపుకి చెవి ఆనించాడు. లోపల గడియారం కొట్టుకుంటోంది. వెళ్ళిపోయాడు.

నాలుగింటికే చీకటి పడింది. ఫాదర్ ముందు, నీళ్ళ గిన్నె, సుద్దముక్క, సంచీతో వితోల్డ్ వెనక. ప్రతి ఇంట్లో ఒకటే వరస. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, సిలువ, రెండు కొవ్వొత్తులు, పళ్ళెంలో దీవెన నీళ్ళు. ప్రార్థన, నీళ్ళు చల్లడం, నాలుగు మాటలు, ఒక ముక్క గసగసాల కేకు. వితోల్డ్ తలుపు మీద బాలయేసుని చూడవచ్చిన ముగ్గురు రాజుల పేర్ల మొదటి అక్షరాలూ ఏడాది అంకెలూ రాసేవాడు. మొదటి అంతస్తులో అతని చేతిలో సుద్ద విరిగింది. రెండో అంతస్తులో ఒకావిడ కేకు బావుందా అంటే అవునవును ఆమెన్ అన్నాడు. ఫాదర్ వింతగా చూశాడు. వితోల్డ్ బుర్రలో ఒకటే లెక్క. తలుపు తీయగానే తను ముందు దూరాలి, గిన్నె పెట్టే వంకన బల్ల దగ్గరికి పోవాలి, క్యాసెట్‌ని కోటులోకి తోసేయాలి. ఆమె చూసి అర్థం చేసుకుంటుంది. ఏదో ఒకటి వాగి ఫాదర్‌ని కిటికీ వైపు తిప్పుతుంది. దానికి ఆమెని మించినవాళ్ళు లేరు.

మూడో అంతస్తు. ఫాదర్ గంట నొక్కాడు. ఆగి, మళ్ళీ నొక్కాడు.

అప్పుడు గాని తట్టలేదు వితోల్డ్‌కి. రోజంతా క్యాసెట్ గురించే భయపడ్డాడు. తలుపు ఎందుకు తీయలేదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

జెనోవెఫా వచ్చి తాళం తీసింది.

లియొకాడియా కిటికీ పక్క కుర్చీలో ఉంది. గోధుమరంగు గౌను, తనే అల్లుకున్న మెడపట్టీ, పైదాకా బొత్తాలు. తల పక్కకి వాలింది. ఫాదర్ కోసం ముస్తాబై, కాసేపు కూచుందామని కూచున్నట్టుంది. బల్ల మీద గంజి పెట్టిన గుడ్డ, సిలువ, వెలిగించని కొవ్వొత్తులు, నీళ్ళు. సిలువ పక్కనే, పోపు గారి పేరు పైకి వచ్చేలా, యాత్ర రెండో భాగం క్యాసెట్.

ఫాదర్ ఆమె చెయ్యి పట్టుకు చూశాడు. మోకరించాడు. జెనోవెఫా కొవ్వొత్తులు వెలిగించింది. ముగ్గురూ ప్రార్థన చేశారు. వితోల్డ్ పెదాలు కదిలించాడు గాని, కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి. చూపుడువేలి చివర సూదిపోట్ల గరుకు అలాగే ఉంది.

ఫాదర్ లేచి, క్యాసెట్ తీసుకుని, అట్ట మీద అక్షరాలు చదివాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "నా కోసం తీసి పెట్టుకుంది చూడండి," అన్నాడు. "ఆదివారం ఈమె పేరు చెప్పే వేద్దాం. రాత్రికి నేనొకసారి చూసి, ఏ భాగం వేయాలో గుర్తు పెట్టుకుంటాను." కోటు లోపలి జేబు తెరిచాడు.

వితోల్డ్ ఊరుకోవచ్చు. క్యాసెట్ ఆమె ఇంట్లో, ఆమె బల్ల మీద దొరికింది. చచ్చిపోయినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. ఊరు నాలుగు రోజులు నోరు నొక్కుకుని ముసలిదానికి ఇదేం పాడుబుద్ధి అనుకుంటుంది. చర్చి తాళాలు తన దగ్గరే ఉంటాయి, పనీ ఉంటుంది.

"ఫాదర్, అందులో పోపు గారు లేరు," అన్నాడు. "చివర్లో కొంచెం ఉన్నారు."

"మరి ముందు?"

"చచ్చిపోయిన దర్జీ ఉంటాడు. మనుషుల నోళ్ళు కుడతాడు. నాదే. పోపు గారి మీద నేనే వేయించాను."

అతని గొంతు ఎప్పుడూ లేనంత నిలకడగా ఉంది. మీటరు లెక్క చదివినట్టు ఉంది.

ఫాదర్ క్యాసెట్ తిప్పి, వెనక పక్క అంటుకాగితం చూశాడు. "ఈమెకి తెలుసా?"

వితోల్డ్ కిటికీ గట్టు మీద సూదుల దిండుని చూశాడు. సూదిలో దారం ఎక్కకపోతే ఆమె చేత ఎక్కించుకోవడానికి బ్లాకులో కోడళ్ళందరూ ఈ తలుపే తట్టేవాళ్ళు. జెనోవెఫా పొద్దున్న కూడా తట్టి ఉంటుంది.

"తెలీదు ఫాదర్. ఆవిడకి చూపు ఆనదు. పోపు గారే అనుకునేది. జపమాల తిప్పుకుంటూ కూచునేది, అంతే."

ఫాదర్ జెనోవెఫా వైపు తిరిగాడు. ఆమె నోరు తెరిచింది. వితోల్డ్‌ని చూసింది, కుర్చీలో మనిషిని చూసింది. ముప్పై ఏళ్ళలో ఆ నోరు తెరుచుకుని ఊరికే ఉండటం ఎవరూ చూడలేదు.

"అవునండీ ఫాదర్," అంది. "పాపం, ఎదురుగా ఉన్న మనిషే ఆనేవాడు కాదు."

ఫాదర్ క్యాసెట్‌ని బల్ల చివర పెట్టి, వేళ్ళు చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. శనివారం చర్చి తాళాలు తన బల్ల మీద పెట్టమని వితోల్డ్‌తో మెల్లగా చెప్పాడు. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. వితోల్డ్ సరేనన్నాడు. తర్వాత ద్వారం దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ తలుపు మీద అక్షరాలు రాశాడు. ఈసారి సుద్ద విరగలేదు.

డాక్టరు వచ్చి, పోయింది మధ్యాహ్నం అని రాశాడు. ఒంటిగంటా, మూడా అని వితోల్డ్ అడగలేదు.

సమాధి దగ్గర ఫాదర్, చూపు పోయినా జపం మానని తల్లి అని ఆమె గురించి మాట్లాడాడు. ఎవరూ కిక్కురుమనలేదు. కోడళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. గంట ఇంకెవరో కొట్టారు. తాళం తప్పింది. ఫిబ్రవరిలో వితోల్డ్ రెండు సంచులతో అక్క ఉండే ఊరికి బస్సెక్కాడు. ఎక్కించడానికి ఎవరూ రాలేదు, జెనోవెఫా మాత్రం మెట్లు తుడుస్తున్నదల్లా పక్కకి జరిగి దారి ఇచ్చింది.

లియొకాడియా మేనల్లుడు ఇల్లు ఖాళీ చేసి, టీవీ, వీడియో పట్టుకుపోయాడు. ఆమె కుట్టుమిషను అమ్మేశాడు. క్యాసెట్ మాత్రం చెత్తలో వేయడానికి చెయ్యి రాలేదు, పైన పోపు గారి పేరుంది. మూడో అంతస్తు మలుపులో కిటికీ గట్టు మీద, పూలకుండీ పక్కన పెట్టి వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. తీసుకునేవాళ్ళు లేరు, పారేసేవాళ్ళూ లేరు. శుక్రవారం శుక్రవారం జెనోవెఫా దాన్ని ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది. ఎండ పడినప్పుడు దాని చిన్న గాజుకిటికీలోంచి చూస్తే, ఒక చక్రం మీద నల్లటి టేపు ఒత్తుగా ఉంటుంది, రెండో దాని మీద వాళ్ళిద్దరూ ఆపినచోటి నుంచి చూడనిదంతా ఇంకా మిగిలే ఉంటుంది, కొట్టుగదిలో పిల్లతో దర్జీ, ఆ తర్వాత దీవెన.