తెరవని టెస్టు మెయిల్

మార్చే ఉంటాడు, మార్చకుండా ఎలా ఉంటాడు, ఎనిమిదేళ్లుగా చేస్తున్న పనే కదా! అతను వెబ్‌సైటు తయారుచేస్తున్నన్నాళ్లూ అందులోని ఫారం నింపితే ఆ సందేశం అతని టెస్టు మెయిల్‌కి వస్తుంది. సైటు జనంలోకి వెళ్లే రోజున ఆ అడ్రసు తీసేసి సైటు యజమాని అడ్రసు పెట్టాలి. ఒక్క లైను. ఇంటికి తాళం వేశామా లేదా అని సగం దారిలో అనుమానం వస్తే, తాళం తిప్పిన చెయ్యి గుర్తుకొస్తుంది గాని అది ఏ రోజు చెయ్యో తెలియదు. అతనికీ మారుస్తున్న వేళ్లు కనిపిస్తున్నాయి. ఏ సైటుకో తెలియడం లేదు.

పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇళ్లకు నర్సులను పంపే చిన్న సంస్థ నడిపే పెద్దావిడ ఒళ్లో సంచీతో కూర్చుంది.

"నలభై రోజులమ్మా! ఒక్కరూ రాయలేదు. ఊరంతా ఆరోగ్యంగా ఉందని సంతోషించమంటావా?"

ఎదురుగా అక్క. ఈ ఆఫీసు యజమాని, అతని సొంత అక్క. నవ్వలేదు, ప్రకటనల పని చూసేవాడి వైపు తిరిగింది. ఆఫీసులో అందరూ వాణ్ణి దండోరా అంటారు.

"ఏమంటావయ్యా?"

"రోజూ పాతిక మందిని సైటు దాకా తెస్తున్నానక్కా. ఆ తర్వాత ఏ గంగలో దూకుతున్నారో నాకేం తెలుసు?"

"కబుర్లొద్దు. ఆవిడ సైటు మూసేస్తే నువ్వూ నీ దారి చూసుకో."

గుమ్మడికాయల దొంగలా, ఇవతల తన కుర్చీలో అతను భుజాలు తడుముకున్నాడు. మందులిచ్చే వేళ ఫోను మోగితే రోగులు ఉలిక్కిపడతారని సైటులో నంబరే వద్దంది ఆవిడ. ఫారం ఒక్కటే దారి. ఆ దారి ఎక్కడికి పోతోంది?

టెస్టు మెయిల్ తెరిచి రెండు నెలలు దాటింది. తెరవనంత సేపూ అది ఖాళీయే. ఆ లైను ఇప్పుడే గుట్టుచప్పుడు కాకుండా మార్చేస్తే? రేపటి నుంచి ఉత్తరాలు ఆవిడకే వెళ్తాయి. ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఎంత హాయిగా వచ్చిందంటే, అతనికి తనను చూస్తేనే భయమేసింది.

తెరిచాడు. చదవనివి అరవై మూడు.

అట్టడుగున తను పంపుకున్న "అఆఇఈ". దాని పైన, ఎవరో: "మా నాన్నకి తుంటి ఆపరేషనైంది. ఎత్తి కూర్చోబెట్టడం నాకు చేతకావడం లేదు. రేపు ఎవరినైనా పంపుతారా?" మర్నాడు అదే మనిషి: "నిన్న రాశానండీ, చూశారా?" ఆరు రోజుల తర్వాత మళ్లీ: "ఇక అవసరం లేదు."

ఎందుకు అవసరం లేదు? వేరే నర్సు దొరికిందా? ఆయన లేచి నడుస్తున్నాడా? లేక... అక్కడితో ఆలోచన ఆగిపోయింది. దాన్ని ముందుకు నెట్టే ధైర్యం అతనికి లేదు.

దండోరా బయటికొచ్చి అతని కుర్చీ తట్టాడు. "ఏంట్రా, ఉద్యోగం పోయేది నాకైతే నీ మొహం పాలిపోయిందేంటి?"

అతను ఉత్తరాలు పైకి జరుపుతూ పోయాడు. అన్నిటికన్నా పైన ఉన్నది ఈ ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. "అమ్మ రాత్రి మంచం మీంచి పడింది. నేను పనికెళ్లక తప్పదు. మధ్యాహ్నానికైనా ఎవరైనా వస్తారా? ఎదురుచూస్తుంటాను."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

లోపల పెద్దావిడ సంచీ భుజాన వేసుకుంటోంది. కుర్చీ కదిలిన చప్పుడైంది. అక్క ఏదో సర్దిచెప్తోంది. అక్క మొహం ఎలా మారుతుందో అతనికి ముందే కనిపించింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన మొహమే.

లాప్‌టాప్ తీగ పీకాడు. మూత వెయ్యకుండా రెండు చేతులా పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాడు. బల్ల మీద పెట్టి, తెరను ఆవిడ వైపు తిప్పాడు.