రేకుల మీద కాలర్

నేను ఒక నల్లటి రబ్బరు టోపీని. తల తెగిన టోపీని. పై నుంచి గొట్టం దూరుతుంది, కింద నలుచదరపు అంచు రేకును పట్టుకుంటుంది. మరుగుదొడ్డి గాలిపైపు ఇంటికప్పును చీల్చుకుని బయటికొచ్చే చోట వాన లోపలికి రాకుండా చూడటం నా పని. రాజాంలో నన్ను కాలర్ అంటారు. అన్నారు గానీ కొన్నవాళ్ళు లేరు. రెండేళ్ళు కొట్లో మేకుకు వేలాడాను. జనం వచ్చేవారు, నన్ను వేలితో పొడిచేవారు, తారూ గోనెపట్టా కొనుక్కుని పోయేవారు. ప్రతి వానాకాలం మళ్ళీ అవే కొనేవారు. మనుషులకు కారడం అలవాటే, ఆపడమే కొత్త.

ఢిల్లీశ్వరి మాత్రం చేతిలో దారం ముక్కతో వచ్చింది. పైపు చుట్టూ చుట్టి కొలిచిన దారం. కొట్టువాడు నవ్వి, చవకగా ఉంటుందని గట్టి ప్లాస్టిక్‌ది చూపించాడు. ఆమె దాని అంచు వంచబోయింది. వంగలేదు.

"ఇది రేకు గుంటల్లో కూకోదు బాబూ. వంగేది ఇవ్వు."

నా అంచులో మెత్తటి రేకు ఉంటుంది, నొక్కితే గుంటల్లోకి దిగుతుంది. నన్ను తీసుకుంది. ఆమె తొందరకు కారణం ఉంది. ఐదు నెలల పిల్లాడు నెమ్ము చేసి ఆస్పత్రి నుంచి వారం కిందటే ఇంటికొచ్చాడు. తడి తగలకూడదన్నాడు డాక్టరు. ఆ ఒంటిగది ఇంట్లో ఉయ్యాల సరిగ్గా పైపు పక్కనే. మారుద్దామంటే రెండోవైపు పొయ్యి.

ప్లంబరు పోలినాయుడు నాతో వచ్చిన, ఎలా బిగించాలో చూపే బొమ్మల కాగితాన్ని నలిపి పారేశాడు. పనిమంతులు కాగితాలు చదవరట. ఏడో తరగతిలో బడి మానేసిన ఢిల్లీశ్వరి ఆ కాగితం ఏరుకుని చదును చేసుకుంది. పోలినాయుడు నా మెడను పైపుకన్నా కాస్త ఇరుకుగా కోసి, సబ్బునీళ్ళు రాసి కిందికి లాగాడు. అక్కడిదాకా మెచ్చుకోవచ్చు. బొమ్మలో ఉన్నట్టే నా ఒక మూల ఎగువన ఉన్న ఇంటికప్పు వెన్ను వైపు తిరిగింది. కింద నుంచి ఢిల్లీశ్వరి మామగారు అప్పలసూరి కేకేశాడు.

"ఒరే పోలినాయుడూ, ఆ పలక మూలకి తిరిగిందేట్రా? విదిక్కు రా. ఇంటికి అరిష్టం."

"అది ఇల్లు కాదు మావా, పైపు."

"పైపైనా ఇంటి మీదే కదరా ఉన్నాది."

పోలినాయుడు భోజనాల వేళ అయిందని వాదన మానేశాడు. నన్ను నాలుగు దిక్కులకూ చక్కగా తిప్పి స్క్రూలు బిగించాడు. దిక్కులన్నీ తృప్తిపడ్డాయి, ఒక్క వాన తప్ప. మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఏటవాలుగా జారిన నీళ్ళు నా వెడల్పాటి అంచుకు కొట్టుకుని నిలబడిపోయాయి, స్క్రూ సందు వెతుక్కుని దిగాయి. పిల్లాడి టోపీ తడిసింది. దగ్గాడు.

"కొత్త సామాను కదే కోడలా," అన్నాడు అప్పలసూరి, "సర్దుకోడానికి నాల్రోజులు పడతాది." నేనేమన్నా అత్తారింటికొచ్చిన పెళ్ళికూతురినా?

వాన తెరిపివ్వగానే ఢిల్లీశ్వరి పిల్లాణ్ణి మామగారి ఒళ్ళో పెట్టి నిచ్చెనెక్కింది. రేకు కింద ఇనపకమ్మీ ఉన్నచోటే చూసి అడుగేసింది. నన్ను విప్పి, తుడిచి, కొత్త గమ్ము పూసి, మూల వెన్నుకి తిప్పింది. పాత బెజ్జాల్లోనూ గమ్ము కూరింది.

"మూల తిరిగితే..." అని మొదలెట్టాడు ముసలాయన.

"తిరిగితే నీళ్ళు రెండుపక్కలకీ పోతాయి మావయ్యా. నేరుగా ఉంటే మీ మనవడి నెత్తిన పోతాయి."

ఆయన ఒళ్ళో పిల్లాడు మళ్ళీ దగ్గాడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి వాడికి చుట్టాడు.

తరవాతి వాన నా మూల తగిలి రెండు పాయలుగా చీలి పోయింది. వారం తిరక్కుండానే, "మూలకి పెట్టమని నేనే సెప్పినాను," అని అప్పలసూరి వీధరుగు మీద చెబుతుంటే పైనుంచి విన్నాను. ఇప్పుడు వీధిలో వాళ్ళంతా సలహాకు ఆయన దగ్గరికే వస్తున్నారు.

ఢిల్లీశ్వరి మాత్రం చినుకు పడితే చాలు, చేతిలో పనిని వదిలేసి ఉయ్యాల పైన అరచెయ్యి చాపి నిలబడుతుంది. పొడిగానే ఉంటుంది. అయినా వాన వెలిసేదాకా చెయ్యి తియ్యదు. ఆ ఇంట్లో నన్ను నమ్మనిది ఆమె ఒక్కతే. నా కాగితం చదివిందీ ఆమె ఒక్కతే.