పసరు మల్లన్నకిచ్చిన కోడి

కోరుట్ల కమ్యూనిటీ హాల్లో మైకు పట్టుకుని సుశీల గొంతు చించుకుంటోంది. రొమ్ములో గడ్డ తగిలితే దాచుకోవద్దనీ, తొందరగా చూపించుకుంటే బతుకుతామనీ, అందుకు తనే సాక్ష్యమనీ. వచ్చినవాళ్ళకు అవగాహన ఆవగింజంత, అనుమానం గుమ్మడికాయంత.

"నీది కాన్సరే అయితే గింత మంచిగెట్లున్నవే? ఉత్త గడ్డనే అది," అంది ముందు వరుసలో ఒకామె.

"నా జుట్టంత ఊడింది! నువ్వే చూస్తివి గదనే!"

"పసరు మల్లన్న కట్టుతోని తగ్గిందంట గద? కోడి గూడ ఇచ్చిండ్రు."

ఆ కోడే సుశీల ప్రాణం మీదికొచ్చింది. రోగం తగ్గితే, చెయ్యి వేసిన ప్రతివాడికీ కోడీ కల్లూ ఇచ్చుకోవడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. అత్త కొమురవ్వ మొదట్లో ఒక్క పూట నాటువైద్యుడు మల్లన్న చేత ఆకు పసరు కట్టించింది. పట్నంలో ఆపరేషనూ, జుట్టు ఊడ్చే కీమో మందూ, కరెంటు పెట్టే రేడియేషనూ అన్నీ అయ్యి కోడలు ఇల్లు చేరాక, వాడకట్టంతా చూస్తుండగా ఆయనకే పుంజును మోసుకెళ్ళింది. డాక్టరు కోడి పుచ్చుకోడు గనక పేరంతా మల్లన్నకే. ఇప్పుడు ప్రచారం సుశీలది, వ్యాపారం మల్లన్నది.

ఆ సాయంత్రమే సిరిసిల్ల నుంచి చెల్లెలి మొగుడు శ్రీహరి ఫోను. "వదినె, గీతకు రొమ్ముల గడ్డయింది. ఫికర్ లేదు, మల్లన్న తాన పసరు కట్టిపిచ్చినం. నీకు తగ్గింది గద!"

తెల్లారేసరికి సుశీల భర్త రాజమల్లు సిరిసిల్లకు ఆటో తీశాడు.

బట్ట నేసే ఊళ్ళో, బతికి బట్టకట్టిన మనిషి మాట సొంత చెల్లి దగ్గరే చెల్లలేదు.

"అక్కా, నువ్వు చేపిచ్చుకున్నదే నేను చేపిచ్చుకుంటున్న. నీకో న్యాయం, నాకో న్యాయమా?" అంది గీత.

"పసరుల పస ఉంటె నన్నెందుకు కోసిండ్రే?"

"మరి కోడెందుకిచ్చిండ్రు?" గీత అత్త సాయవ్వ నిలదీసింది.

బయట రాజమల్లు ఆటోకు ఆనుకుని తల గోక్కున్నాడు.

సుశీల చెల్లిని లోపలి గదిలోకి లాక్కెళ్ళి గడియ పెట్టింది. ఇన్ని సభల్లో ఇంత మాట్లాడినా ఎవరికీ చూపించనిది, పమిట తీసి చూపించింది. ఎడమవైపంతా చదును. చంక దాకా పాకిన కుట్ల గీత.

"గిది పసరు కోసిందా? ముట్టి చూడు."

గీత వేలు ఆ గీత మీద ఆగిపోయింది.

"అక్కా... ఆటో ఉన్నదా, పోయిందా?"

జగిత్యాల దవాఖానలో పరీక్ష చేశారు. కాన్సరే. కానీ ఇంకా చిన్నదే. ఆపరేషనై గీత ఇల్లు చేరిన రోజు, సాయవ్వ కాళ్ళు కట్టిన పుంజును చంకన పెట్టుకుని వాకిట్లో తయారుగా ఉంది.

"ఎటు అత్తా?" అంది సుశీల.

"మల్లన్న తానికి. ఎంతైనా చెయ్యి ఏసిండు గద బిడ్డా!"

సుశీల పుంజును లాక్కుంది. కోయించి, తనే కూర వండి, వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచి వడ్డించింది. ముక్క నోట్లో ఉండగా ఎవరూ లేచిపోరు. గడ్డ, పరీక్ష, కోత, అన్నీ చెప్పింది. గీత పక్కన కూర్చుని "నిజమేనే" అంటోంది. అందరూ తలలూపుతూ విన్నారు.

చివర్లో ఒకామె బొక్క చీకుతూ అడిగింది: "మంచిగ చెప్పినవ్ అక్కా. గని దవాఖానకు పసరు కట్టినంక పోవాల్నా, కట్టకముందా?"

సుశీల కూరగిన్నె మీద ధన్‌మని మూత పెట్టింది.

"ఎవ్వలు లేవకుండ్రి. మళ్ళ మొదటి నుంచి చెప్త."